చివరి ఆట

కాన్‌బెర్రాలోని మా పేటలో పిల్లులకు యావజ్జీవ గృహనిర్బంధం. బయటికి వదిలితే పిట్టల్ని చంపుతాయని చట్టం. అందుకని మా మోంటీకి రోజూ సాయంత్రం ఈకల కర్రతో వినోద కార్యక్రమం నిర్వహించే గురుతర బాధ్యత నాది.

"ఒరేయ్, ఆపే ముందు దాన్ని ఈక పట్టుకోనీరా!" హాల్లో వేసిన మంచం మీంచి అరిచింది మా అక్క టామ్సిన్. పశువుల డాక్టరు పెట్టిన నియమం అది. చివరి ఆట పిల్లే గెలవాలి, లేకపోతే దిగులు పెట్టుకుంటుంది.

ఈక వదిలేశాను. మోంటీ దాన్ని కరుచుకుని, కంగారూని వేటాడినంత గర్వంగా సోఫా కిందికి పోయింది.

తర్వాత మా పేకాట. పదిహేనేళ్లుగా అక్కని ఓడించడమే నా ఏకైక ఘనత. ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా కనికరించలేదు. "రాక్షసుడివిరా!" అని సెలైన్ పెట్టిన చేత్తోనే ముక్కలు నా మొహాన కొట్టింది.

ఇవాళ అక్క గెలిచింది.

"అబ్బ, ఏం అదృష్టమే నీది!" అన్నాను.

అక్క నవ్వలేదు. నేను బోర్లా పెట్టిన ముక్కలు తీసి తిరగేసింది. మూడు ఆసులు నా దగ్గరే ఉన్నాయి.

సోఫా కింద పిల్లి ఈకని నములుతోంది.

"పొద్దున నా డాక్టరు నిన్ను పక్కకి పిలిచి ఏం చెప్పాడురా?" అంది.