నల్లగుర్రం కొట్టిన గంట

సునందకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. లోపల గడియ పెట్టుకుని ఉన్నప్పుడు తనకేమన్నా అయితే, ఏడాది నిండని పాప ఒక్కతే ఏడ్చి ఏడ్చి ఉండిపోతుందేమోనని.

భర్త మల్లేష్ పటాన్‌చెరులో మందుల కంపెనీకి పోతే మళ్లీ చీకటి పడ్డాకే రాక. ఆ కిరాయి రూముల వరసలో అందరూ షిఫ్టుల మనుషులే.

అక్కడొక కట్టుబాటు ఉంది. తలుపు మూసి, ముందు చెప్పులు కనిపిస్తే, నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నారని అర్థం. ఎవరూ తట్టకూడదు.

పక్క రూములో దేవమ్మ ఉండేది. ఒంటరి మనిషి. సుల్తాన్‌పూర్‌లో సిరంజిల కంపెనీలో రాత్రి డ్యూటీ. ఒకసారి పాప ఆగకుండా ఏడుస్తుంటే గోడ మీద టకటకా కొట్టింది.

సునంద బయటికి వచ్చి నిలదీసింది.

"పిల్లలన్నంక ఏడ్వరా అక్కా? నోరు మూసి పెట్టమంటవా?"

దేవమ్మ ఏదో చెప్పబోయి, మళ్లీ తలుపు వేసుకుంది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పాప పడుకుంటే సునందకు ఫోన్‌లో కోటల ఆటే కాలక్షేపం. రాక్షసుల దండు వచ్చేలోపు గోడలు కట్టుకోవాలి, సైన్యం పెంచుకోవాలి. చుట్టుపక్కల కంపెనీల వాళ్లంతా ఒకే దళం. సునంద తన కోటకు పాప పేరే పెట్టుకుంది, హరిచందన కోట అని.

ఆ మధ్య ఆటలో కొత్తవి వచ్చాయి. ఎగిరే ఏనుగులు, మంచు గోడలు, వాటితో పాటు తోడుదీపం. దళంలో ఒకరిని తోడుగా పెట్టుకోవాలి. ఒకరు పొద్దంతా ఆట తెరవకపోతే వాళ్ల కోట మీద దీపం సన్నగిల్లి ఆరిపోతుంది. ఆ కబురు తోడున్నవాళ్ల ఫోన్‌కు వస్తుంది. వాళ్లు గంట కొట్టి లేపొచ్చు.

బడి మధ్యలో మానేసినా సునంద అక్షరాలు మరిచిపోలేదు. దళంలో అందరికీ రాసింది, చదవడం రానివాళ్ల కోసం అదే మాట గొంతుతో కూడా చెప్పి పెట్టింది.

"ఇది మంచిగుంది. పాపతోని ఒక్కదాన్నే ఉంట. జెర భయమైతది."

కాసేపటికే ఎవరో తోడుంటామని అడిగారు. పేరుండాల్సిన చోట నల్లగుర్రం బొమ్మ ఒక్కటే ఉంది. సునంద సరేనని నొక్కింది.

నల్లగుర్రం ఒక్క ముక్క రాసేది కాదు. ఏమన్నా అడిగితే బొటనవేలి బొమ్మ పెట్టేది. సునంద దీపం కాస్త మసకబారితే చాలు, గంట.

ఒకరోజు సునందకు జ్వరం. పాపను పక్కలో వేసుకుని ఒళ్లు తెలియకుండా పడుకుంది. గంట మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. విసుక్కుంటూ కళ్లు తెరిచేసరికి, పాప పాక్కుంటూ పోయి నీళ్ల బకెట్ పట్టుకుని లేచి, లోపలికి వంగి ఉంది.

పాపను లాక్కుని గుండెకు హత్తుకుంది. ఎల్లమ్మ తల్లికి మొక్కుకుంది. గంట సంగతి తలపుకే రాలేదు.

మల్లేష్ మాత్రం ఆ గంటను పట్టించుకున్నాడు. సెలవునాడు ఇంట్లో ఉండగా మోగితే ఫోన్ అందుకున్నాడు.

"ఎవడు వీడు?"

"ఏమో. మాట్లాడడు. గంట కొడ్తడు, గంతే."

"మాట్లాడనోనితోనే పరేషాన్. నీకు కోట గావాల్నా, కోటకు ఇంకో మొగోడు గావాల్నా?"

నవ్వుతూనే అన్నాడు. సునందకు నవ్వు రాలేదు. అతని ముందే తోడు తెంపేసింది.

ఆ సాయంత్రమే నల్లగుర్రం మళ్లీ తోడు అడిగింది. సునంద చూసింది, జవాబివ్వలేదు.

కొన్నాళ్లకు నల్లగుర్రం కోట మీద దీపం ఆరిపోయి కనిపించింది. ఆట మానేసి ఉంటాడు, పీడ పోయింది అనుకుంది.

ఆ పొద్దు దేవమ్మ తలుపు ముందు చెప్పులు ఉన్నాయి. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన రబ్బరు చెప్పులు. పాప వాటి మీదికి పోబోతే సునంద చటుక్కున ఎత్తుకుంది.

"ష్. పెద్దమ్మ పండుకుంది. లేస్తే కోపం జేస్తది."

అడుగు చప్పుడు కాకుండా దాటిపోయింది. మర్నాడూ అలాగే దాటింది.

కంపెనీ బస్సు డ్రైవర్ వచ్చి దేవమ్మ డ్యూటీకి రావడం లేదేమని అడిగేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. ఇంటి ఓనరు నర్సింహమ్మ చెప్పుల వంక చూసింది.

"ఏడికి పోతది? పండుకున్నది గదా..."

అంటూనే పోయి తలుపు బాదింది.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన మల్లేష్ గడియ విరగ్గొట్టాడు. దేవమ్మ తలుపు దగ్గరే పడి ఉంది, చెయ్యి గడప వైపు చాచి. షుగర్ పడిపోయి కళ్లు తిరిగినట్టుందని, ఆ పొద్దే ఎవరన్నా చూసి ఉంటే దక్కేదని అంబులెన్సులో వచ్చినాయన అన్నాడు.

చాప మీద, చార్జింగ్ వైరుకు ఫోన్ ఇంకా ఉంది. చుట్టాల నంబరు కోసం నర్సింహమ్మ దాన్ని తీసి సునంద చేతికిచ్చింది.

"నువ్వే సూడు బిడ్డా. నాకు రాదు. దానిక్కూడా అక్షరం ముక్క రాకపోతుండె. బొమ్మలు సూస్కుంటనే నడిపేది."

పాపను చంకన ఎత్తుకునే సునంద ఫోన్ తెరిచింది. తెర మీద అదే కోటల ఆట.

ఆరిపోయిన దీపం కింద నల్లగుర్రం నిలబడి ఉంది. అది తోడు అడిగి, ఇంకా జవాబు కోసం చూస్తున్న కోట పేరు హరిచందన కోట.

మీ పక్క తలుపు ముందు చెప్పులు నిన్నటి చోటనే కదలకుండా ఉంటే, తిడితే తిట్టనీ, ఒక్కసారి తట్టి చూడండి.