చెవిలో టిక్కు

"ఆపండ్రా!"

మృదంగ విద్వాంసుడు చెవులకున్న హెడ్‌ఫోన్స్ పీకి నేలకేసి కొట్టాడు. వయొలిన్లూ చెల్లోలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. కమానులు కిందికి దిగాయి.

"ఏమైంది మామయ్యా?" అద్దం అవతలి గదిలోంచి మైకులో మేనల్లుడి గొంతు.

సినిమాకి సంగీతం కడుతున్నది అతనే. పాశ్చాత్య వాద్యాలన్నీ ఒక పక్క, మామయ్య మృదంగం ఒక్కటీ ఇంకో పక్క. ఆఖరి సన్నివేశంలో ఆ రెండూ బాగా పోట్లాడుకుని చివరికి కలిసిపోవాలి. అదీ అతని ఊహ. పొద్దుటి నుంచీ పోట్లాట ఒక్కటే నడుస్తోంది.

"ఏమైందా? చెవిలో తాళం కొట్టే నీ టిక్కు మిషను పరిగెడుతోందిరా! ముగింపు తీర్మానం దగ్గర నన్ను తోసుకుని మరీ దూకుతోంది. దాని వెనకాల ఆయాసపడుతూ పోవడానికి నేనేమన్నా దాని జీతగాణ్ణా?"

"కొంచెం చూసుకుని వాయించండి మామయ్యా. ఇంకోసారి తీసుకుందాం."

"నేను చూసుకోవాలా? నాకు తాళం నేర్పిస్తావురా నువ్వు? నా ఒళ్లో కూచుని చప్పట్లు కొట్టడం నేర్చుకున్నవాడివి!"

వయొలిన్ల వాళ్లు తలలు కాగితాల్లో దూర్చేశారు. వాళ్ల చెవుల్లోనూ అదే టిక్కు మోగుతోంది.

కచేరీలు తగ్గిపోయాక ఆయనకి చాలా కాలానికి వచ్చిన పిలుపిది. "లయంటే ఏంటో ఆ కుర్రకుంకలకి చూపించి వస్తా" అని భార్యతో చెప్పి మరీ బయల్దేరాడు. ఇక్కడ చూస్తే ఓ టిక్కు ఆయన్ని చెవి పట్టుకుని ఈడుస్తోంది.

ఇంకోసారి వాయించారు. ఆ మీద ఇంకోసారి. ప్రతిసారీ అక్కడే తప్పింది. ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది.

"ఆ దిక్కుమాలిన టిక్కు తీసెయ్! నేను వాయిస్తా. మీరంతా నా వెనక రండి."

ముందు నిలబడి వాద్యబృందాన్ని నడిపించేవాడు అద్దం వైపు చూశాడు. మైకులోంచి "సరే" అని వినిపించింది.

ఆయన కళ్లు మూసుకుని వాయించాడు. వయొలిన్లు బుద్ధిగా వెంట నడిచాయి. ఆఖరి దెబ్బ కొట్టి, చెమట తుడుచుకుని, "అదీ లయంటే!" అన్నాడు.

అందరూ గోడవైపు చూస్తున్నారు. బొమ్మ నడిచే తెర తెల్లగా వెలుగుతోంది.

"బొమ్మ ఎప్పుడో అయిపోయింది మామయ్యా. పాటే మిగిలిపోయింది."

"అయితే బొమ్మనే సాగదియ్యండి!"

ఎవరో నవ్వబోయి దగ్గు కింద మార్చేశారు.

"కుదరదు మామయ్యా. పాట కట్టింది ఆ టిక్కు మీదే. బొమ్మ కత్తిరించి కూర్చింది ఆ టిక్కు మీదే. అది తీసేస్తే ఇంకేం లేదు."

ఆ మాటతో ఆయన ఒళ్లు భగ్గుమంది. మృదంగం పక్కన పెట్టి, విసురుగా వెళ్లి అద్దం గది తలుపు తోశాడు. మేనల్లుడు లేచి నిలబడ్డాడు. మీటల ముందు కూర్చున్న సౌండ్ ఇంజినీరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"నేను లేకపోయినా ఫరవాలేదు, నీ మిషను ఉంటే చాలన్నమాట! మిషనుకైనా ఓ తిన్నని నడక ఉంటుందిరా. దీనికి అదీ లేదు! పల్లవిలో సాగుతుంది, ఆఖర్న ఎగురుతుంది. ఒళ్లంతా పొగరు! ఎవడు చేశాడు దీన్ని? పిలువు వాణ్ణి. వాడికి లయంటే ఓనమాలు తెలీవని మొహమ్మీదే చెప్తా."

"వదిలెయ్యండి మామయ్యా. టిక్కు తీసేస్తాను. పాట మళ్లీ మొదట్నుంచి కడతాను."

"ఏంటి, జాలి పడుతున్నావా నా మీద? నిన్ను ఎత్తుకు తిప్పినవాడి మీద జాలి! ఇంత పెద్దవాడివయ్యావా? వాడెవడో చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదల్ను."

మేనల్లుడు తల వంచుకున్నాడు. ఇంజినీరమ్మకి పొద్దుటి నుంచీ అణచుకున్నది గొంతుదాకా వచ్చింది. వద్దని అతను చేత్తో సైగ చేస్తున్నా ఆగలేకపోయింది.

"ఇందులో మిషనేం లేదండీ, మా సార్ ఇన్నేళ్లుగా దాచుకున్న మీ పాత కచేరీ క్యాసెట్లో మీ దెబ్బ పడ్డ చోటల్లా నేనో టిక్కు పెట్టానంతే, వాయించింది మీరే."