ఒంపేసిన నీళ్లు

“అమ్మా, పిల్లల్ని ఆ మూలకి దించకండి.”

ముసలాయన ఎవరినీ వదలడం లేదు. తువ్వాళ్లు పరుచుకుంటున్న ప్రతి తల్లి దగ్గరికీ వెళ్లి అదే మాట చెబుతున్నాడు.

జలాశయం ఈత రేవు సూపర్‌వైజరమ్మకి ఒళ్లు మండిపోయింది. అసలే సెలవు రోజు. రేవంతా జనంతో కిటకిటలాడుతోంది. అప్పటికే రెండు కుటుంబాలు సామాన్లు సర్దుకుని వెనక్కి వెళ్లిపోయాయి.

“ఏమయ్యా, జనాన్ని హడలగొడుతున్నావేంటి?”

“నీళ్లు చూడండమ్మా. పైన పచ్చరంగు ఒలకబోసినట్టు లేదూ? వారంగా ఎండ మాడ్చేస్తోంది. పొద్దున గాలి ఇటు తిరిగింది. నాచంతా ఈ మూలకే చేరింది. గుక్కెడు మింగితే చాలు, పిల్లలు తట్టుకోలేరు.”

“నాచు లేని నీళ్లు ఎక్కడున్నాయి? నా కూతురూ అక్కడే ఈదుతోంది. నాకు లేని బాధ నీకెందుకు?”

“అయితే ముందు ఆ పిల్లని బయటికి పిలు తల్లీ.”

చుట్టూ ఉన్నవాళ్లు ఫక్కున నవ్వారు. దాంతో ఆవిడకి పంతం పెరిగింది. ఆయన చేతిలోని సీసా లాక్కుని, అందులో పట్టిన నీళ్లన్నీ ఇసుకలో ఒంపేసింది. మోచెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించింది.

“మళ్లీ ఈ చుట్టుపక్కల కనిపించావంటే పోలీసుల్ని పిలుస్తా!”

 ఆయన ఖాళీ సీసా అడిగి తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి కూతురికి వాంతులు మొదలయ్యాయి. ఒళ్లంతా దద్దుర్లు. ఆవిడ పిల్లని తీసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

వరండాలో వరసగా మంచాలు. ఎనిమిదింటి మీద అప్పటికే పిల్లలున్నారు. తొమ్మిదోది ఖాళీ.

“ఈత రేవు నుంచేనా?” ఆవిడ నోరు తెరవకముందే అడిగింది నర్సు.

“మీకెలా తెలుసు?”

“మధ్యాహ్నమే ఒక పెద్దాయన వచ్చి చెప్పాడు. పిల్లలు వస్తారు, మంచాలు వేసి ఉంచండి, మింగింది ఈ నీళ్లే అని సీసా కూడా ఇచ్చాడు. పాపం, మోకాళ్ల దాకా తడిసిపోయి ఉన్నాడు. ఆయన చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే ఏం తిన్నారో ఏంటోనని మేం తలలు పట్టుకునేవాళ్లం.”

ఆవిడ తలొంచుకుంది. మొదట పట్టిన నీళ్లు ఒంపేసింది తనేనని చెప్పకుండానే, పిల్లని తొమ్మిదో మంచం మీద పడుకోబెట్టింది.

మూడో రోజుకి పిల్ల లేచి కూర్చుంది.

“అమ్మా, ఆ తాతకి సారీ చెప్పావా?”

“ఎక్కడుంటాడో తెలీదే.”

“పోనీ, పేరు?”

“అడగలేదు.”

రేవు మూసేశారు. అయినా ఆవిడ రోజూ పొద్దున్నే వెళ్లి గేటు దగ్గర నిలబడింది. ఆయన రాలేదు.

వారం తిరిగేసరికి నీటి పరీక్షల ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది.

“ఈ వారం మీ రేవు నీళ్లు మాకు అందలేదండీ. రిపోర్టు ఎలా ఇవ్వమంటారు?”

“మీ మనిషేగా వచ్చి పట్టుకెళ్లేది?”

“మాకు మనిషెక్కడున్నాడండీ? ఆ ఉద్యోగం తీసేసి ఆరేళ్లయింది.”

“మరి ఇన్నాళ్లూ?”

అవతలి గొంతు కాస్త తగ్గింది.

“ఉద్యోగం పోయినా ఆ పెద్దాయనే, పైసా జీతం లేకుండా, మీరు గేటు తెరవకముందే వచ్చి వారం వారం పట్టుకొచ్చి ఇచ్చేవారండీ... ఇక తనని అక్కడికి రానివ్వరట, మొన్న వచ్చి మరీ చెప్పి వెళ్లారు.”