చివరి మూరెడు

కహెంతె స్తంభం ముప్పాతిక వంతు ఎక్కేసింది. ఇక్కడిదాకా ఏటా ఎక్కుతూనే ఉంది.

"ఏం పిల్లా, కునుకు తీస్తున్నావా?" కిందనుంచి ఎర్ల్ అరిచాడు. "మీ నాన్నయితే ఈపాటికి పైన కూచుని సిగరెట్టు ముట్టించేవాడు!"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు.

ఉక్కు పనివాళ్ళ యూనియన్ హాలు వెనక పాతిన ఉక్కు స్తంభం అది. నిచ్చెన ఉండదు. చేతులతో, బూట్ల అంచులతో పాకాలి. జారితే ప్రాణం నిలపడానికి పైనుంచి ఒక తాడు. నడుము వెనక ఇంకొకటి, పనితాడు. దాన్ని పైకి తీసుకెళ్ళి స్తంభం కొసనున్న దూలానికి ముడివేస్తే అప్రెంటిస్‌గా తీసుకుంటారు. ఉక్కుపని నేర్చుకుంటూనే జీతం. లేదంటే మళ్ళీ హైవే పక్క సిగరెట్ల కొట్టే గతి. ఆ కొట్టంటే కహెంతెకి ఒళ్ళుమంట.

పరీక్ష పెట్టేది ఎర్ల్ లహాష్. ఆమె ఎక్కేకొద్దీ పనితాడు వదులుతూ కింద నిలబడతాడు. ఒకప్పుడు ఆమె నాన్నకి జతగాడు. ఒకే దూలానికి చెరో కొసా బిగించినవాళ్ళు. చిన్నప్పుడు ఆమెని భుజాలమీద మోశాడు కూడా. ఇక్కడ మాత్రం ముక్కూ మొహం తెలియనట్టే ఉంటాడు.

ఇంక మూరెడే. మళ్ళీ అదే జరిగింది. నడుముకి బండకట్టినట్టు ఒళ్ళు బరువెక్కింది. కాలు జారింది. ఇనుముకి రాసుకుని అరచేతులు మండిపోయాయి. తన రెక్కల్లో సత్తువ ఇంతే కాబోలు అనుకుంది.

"ఫెయిల్," అన్నాడు ఎర్ల్, మొహం తిప్పుకుని తాడు చుట్టుకుంటూ.

"ఆడపిల్లననేగా బాబాయ్?"

"ఇక్కడ బాబాయిలెవరూ లేరు."

"ఎక్కడానికైతే ఆడది పనికిరాదు కాబోలు! అప్పుడెప్పుడో వంతెన కూలి ఊళ్ళో మగాళ్ళు మూకుమ్మడిగా పోతే, ఇకమీదట అందరూ ఒక్కచోటికే పనికి పోవద్దన్నది మన ఆడవాళ్ళు కాదూ? ఆ మాట ఈనాటికీ దాటారా మీరు?"

"దాటలేదు తల్లీ," అన్నాడు ఎర్ల్. "ఆడవాళ్ళ మాట నేనెప్పుడూ దాటలేదు."

ఇంటికి శ్మశానం పక్కనుంచే దారి. పనిలో పైనుంచి పడి పోయినవాళ్ళకి ఉక్కు దూలాల ముక్కలతో చేసిన శిలువలు వరసగా ఉంటాయి. వాటిల్లో నాన్నదొకటి, అన్నదొకటి. కహెంతె అటు చూడకుండా నడిచింది.

గుమ్మంలోనే ఎదురుచూస్తోంది తల్లి రోండా. కూతురి మొహం చూడగానే అర్థమైపోయింది. చేతులు కడిగి మందు రాసింది. మొక్కజొన్న రొట్టె తుంచి నోట్లో పెట్టింది.

"వాడి చేతులు పడిపోను! నా బిడ్డ నోటికాడ కూడు లాక్కోడానికి వాడెవడు?"

"ఆయన్నెందుకే తిట్టడం? తప్పు నాదే. అక్కడిదాకా వెళ్ళేసరికి ప్రాణం కిందికి లాగేస్తుంది. నాన్న రక్తం నాలో లేదమ్మా."

"వచ్చే ఏడు చూద్దువులే."

"వచ్చే ఏడూ ఇంతే. ఆ పైయేడూ ఇంతే."

మూడుసార్లు ఓడిపోయినప్పుడూ ఏడవని పిల్ల, ఈసారి తల్లి ఒళ్ళో తలపెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. రోండా జుట్టు నిమురుతూ కూచుంది. ఆమె కన్నీళ్ళూ ఆగలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక రోండా చర్చి వెనక ఎర్ల్‌ని పట్టుకుంది. రొట్టెల మూట అతని చేతిలో పెట్టింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"వచ్చే ఏడు పనితాడు కాస్త మెల్లిగా బిగపట్టు తమ్ముడూ, పిల్ల అరచేతులు తోలూడిపోయాయి."