వెట్రివేల్ రెడీ అంటేనే తాళి

ముహూర్తానికి ఇంకా అరగంట ఉంది. వెట్రివేల్ అప్పటికే కెమెరాను పదిసార్లు విప్పి చూసుకున్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా పదకొండోసారి విప్పాడు.

అతను ఫోటోగ్రాఫరేమీ కాదు. పని కరెంటాఫీసులో. ఆదివారం పూట తేంగాయితిట్టు రేవుకు పోయి పడవల్ని ఫోటోలు తీసుకోవడం సరదా. పడవలు మంచివి, కట్టేసిన చోటే ఉంటాయి. పెళ్ళివాళ్ళు అట్లా ఉంటారా?

నెల్లితోపులోని ఆ కల్యాణ మండపంలో ఒక్కరూ కుదురుగా లేరు. పెళ్ళి పెత్తనమంతా నెత్తినేసుకుని తిరుగుతున్న జయప్రియ ఒక్క నిమిషం ఆగి, అతని చేతిలో కాఫీ గ్లాసు పెట్టింది.

"మంచి స్టూడియోవాళ్ళని పెడదామని ఎంతో చెప్తిని మామా. వినలా. వెట్రి తీస్తేనే పెండ్లి, లేకుంటే లేదు అనేసినారు."

ఆ మాట అన్నది పెళ్ళికొడుకు రవిచంద్రన్. బళ్ళో వెట్రివేల్‌తో ఒకే బెంచీలో కూర్చున్నవాడు. తన మీద వాడికి అంత నమ్మకం ఏమిటో తలుచుకుంటే వెట్రివేల్‌కు గుండె నిండిపోతోంది. మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"ఏందిరా, పెండ్లి నాకా నీకా? అట్లా చెమట పోసుకుంటా ఉండావు," అంటూ రవిచంద్రన్ నవ్వుకుంటూ పీటల మీదికి పోయాడు.

పెళ్ళికూతురు కళైసెల్వి గదిలోంచి వచ్చింది. ఎర్ర పట్టుచీర, జడ నిండా మల్లెలు, ముఖం నిండా సిగ్గు. అతన్ని దాటబోతూ ఆగింది.

"అన్నా, మిగతావి ఎట్లా తీసినా సరే. తాళి కట్టేది మాత్రం నాకు కావల. దానికోసం ఎన్నాళ్ళు కాచుకోనుండానో నీకు తెలీనిదా."

"తెలుసులేమ్మా," అన్నాడు.

గట్టిమేళం మొదలైంది. ముందు వరసలన్నీ ఒక్కుమ్మడిగా లేచాయి. ఎటు చూసినా చేతులు, చేతుల్లో ఫోన్లు. పచ్చచీర కట్టిన ఒక భారీ మనిషి సరిగ్గా కెమెరాకు అడ్డంగా నిలబడింది. వెట్రివేల్‌కు ఆమె కొప్పు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"అక్కా, రవ్వంత జరగండి."

"ఏంది జరిగేది? నేను చూడొద్దా?"

అయిపోయింది అనుకున్నాడు వెట్రివేల్. కానీ పీటల మీద రవిచంద్రన్ తాళి చేతపట్టుకుని ఆగిపోయాడు.

"కట్టండి సామీ, ముహూర్తం దాటిపోతా ఉంది," అన్నాడు అయ్యరు.

"ఉండండి. యాడరా వెట్రీ? నువ్వు రెడీ అంటేనే నేను కట్టేది."

మండపమంతా గొల్లున నవ్వింది. పచ్చచీర ఆవిడ కూడా నవ్వుతూ పక్కకు తప్పుకుంది. మేళగాళ్ళు పాపం బుగ్గలు నొప్పెట్టేలా ఊదుతూనే ఉన్నారు. వెట్రివేల్ సందులో దూరి పీటల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కెమెరా కంటికి ఆనించుకున్నాడు.

"రెడీరా."

వేలు నొక్కి పట్టాడు. కెమెరా టపటపా తీసుకుంటూ పోయింది. అక్షింతలు అతని నెత్తిన కూడా పడ్డాయి. వాటిని దులుపుకోకుండానే తెర మీద చూసుకున్నాడు.

ఉంది. ముడి వేస్తున్న వేళ్ళు, వంచిన మెడ, నవ్వు ఆపుకోలేని రెండు ముఖాలు.

కళైసెల్వి పీటల మీద నుంచే చెయ్యి చాచి కెమెరా లాక్కుంది. చాలాసేపు చూసి కళ్ళు తుడుచుకుంది.

"వచ్చిందన్నా," అంది.

వెట్రివేల్ అంతమంది ముందూ సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.

కూతురు జయప్రియ దగ్గరుండి జరిపించిన ఈ షష్టిపూర్తికి ముప్పై నాలుగేళ్ళ ముందు, ఇదే కళైసెల్వి మెడలో ఇదే రవిచంద్రన్ తాళి కట్టిన నాడు, వెట్రివేల్ కెమెరాలో ఫిల్ము వేయడం మరిచిపోయాడు.