తోడల్లుడి కుట్లు

ఆపరేషన్ అయిన పదకొండో రోజున టైలరు స్నానాల గది గడియ పెట్టుకున్నాడు. గోడకున్న గుండ్రటి అద్దం తీసి, బోర్లించిన బకెట్ మీద నిలబెట్టాడు. చూసుకున్నాడు. వెంటనే కళ్ళు మూసుకున్నాడు.

కుట్టు వంకరగా ఉంది.

కాలరు మీద వెంట్రుకవాసి తేడా వచ్చినా విప్పి మళ్ళీ కుట్టే మనిషి. అలాంటివాడి ఒంటి మీద, అదీ అక్కడ, ఎవరో కొత్తగా పని నేర్చుకునేవాడు కుట్టినట్టు ఒక పక్క ముడత, ఒక పక్క ఉబ్బు.

ఇదంతా షుగరు తెచ్చిన తంటా. ముందు చర్మం బిగుసుకుపోయి, చీలికలు పడి, ఒంటేలుకు వెళ్ళాలంటేనే ప్రాణం పోయేది. పూతమందులన్నీ అయ్యాక, సున్తీ చేస్తే తప్ప లాభం లేదన్నాడు డాక్టరు. నలభై నాలుగేళ్ళకి ఇదేం ఖర్మరా అని సిగ్గుతో చితికిపోతుంటే, తోడల్లుడికీ అదే షుగరు, అదే బాధ, అదే డాక్టరు అని తెలిసింది. తోడు ఉంటుందని ఇద్దరూ ఒకే రోజు పెట్టించుకున్నారు.

తోడల్లుడు అంటే భార్య చెల్లెలి మొగుడు. బస్సు డ్రైవరు. అత్తగారింట్లో మొదటినుంచీ అతనిదే పైచెయ్యి. పొడుగు, గట్టి గొంతు, తలనిండా జుట్టు. అతను జోకు వేస్తే మామగారు పొట్ట పట్టుకుని నవ్వుతారు. అదే జోకు టైలరు వేస్తే "ఏంటీ?" అంటారు.

ఆ రోజు ముందు టైలరునే లోపలికి పిలిచారు. నడుముకు సూది, ఆపైన మగత. తెలివి వచ్చేసరికి వార్డులో ఉన్నాడు. మంచం పక్కన తోడల్లుడు ప్యాంటూ చొక్కా వేసుకుని, నిలబడి బిస్కెట్లు తింటున్నాడు.

"నీది కూడా అయిపోయిందా?" అని నీరసంగా అడిగాడు టైలరు.

"ఎప్పుడో. చీమ కుట్టినట్టు కూడా లేదన్నా."

కడుపులో మంట అక్కడే మొదలైంది.

టైలరు వారం రోజులు లుంగీని చేత్తో ఎత్తి పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాడు. తోడల్లుడు మూడో రోజే బస్సెక్కి స్టీరింగ్ పట్టుకున్నాడని తెలిసింది. మూడు వారాలకి టైలరు మిషను ముందు కూర్చున్నాడు. పెడలు తొక్కిన ప్రతిసారీ బట్ట రాసుకుని చురుక్కుమనేది. అప్పుడప్పుడు తోడల్లుడు ఫోను చేసి, గీత కూడా కనబడటం లేదనీ, డాక్టరు చెయ్యి చల్లనిదనీ చెప్పేవాడు. టైలరు ఆ పూట కత్తిరించిన గుడ్డ కచ్చితంగా పాడయ్యేది.

భార్య ఒకరోజు చెల్లెలి దగ్గర్నుంచి కబురు మోసుకొచ్చింది. మరిదిని చూస్తే అసలు ఆపరేషన్ జరిగినట్టే లేదట. మీకూ అలాగే అయిపోతుందిలెండి అని ధైర్యం చెప్పడానికే అంది. అతనికి మాత్రం అక్కాచెల్లెళ్ళిద్దరూ మొగుళ్ళని పక్కపక్కన నిలబెట్టి కొలతలు తీసినట్టనిపించింది.

మామగారి పుట్టినరోజుకి అందరూ కలిశారు. తోడల్లుడు బాత్రూములోకి వెళ్ళి పావుగంటకి గానీ రాలేదు. అద్దంలో చూసుకుని మురిసిపోతున్నాడని టైలరు పళ్ళు నూరుకున్నాడు.

ఆరు వారాలు దాటాయి. ఇక మామూలుగా ఉండొచ్చని డాక్టరు చెప్పాడు. టైలరు మాత్రం తన పడక ముందు గదిలోకి మార్చుకున్నాడు. రెండు రోజులు చూసి, మూడో రోజు భార్య వచ్చి అతని పక్కన కూర్చుంది. ఏమైందో చెప్పేదాకా లేవనంది. అతను గోడవైపు తిరిగి చెప్పాడు. ఒకచోట ముట్టుకుంటే మంట, ఇంకోచోట మొద్దు. ఎప్పటిలా ఉండగలడో లేదో తెలీదు. చూడటానికి అసహ్యంగా ఉంది. ఆమె చూస్తే ఏమనుకుంటుందోనని భయం.

ఆమె అంతా విన్నది. "కుట్టు నచ్చలేదని తిప్పి పంపడానికి నేనేమన్నా మీ గిరాకీనా?" అంది.

అతనికి నవ్వొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకోబోయాడు కూడా. అంతలో తలనిండా జుట్టుతో తోడల్లుడు కళ్ళ ముందు మెదిలాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళాడు.

డాక్టరు ఓపిగ్గా చూశాడు. గాయం బాగా మానిందన్నాడు. మిగిలిన వాపు తగ్గడానికి ఇంకొన్ని నెలలు పట్టొచ్చట. ముడత చాలావరకు సర్దుకుంటుంది, స్పర్శా మెల్లగా కుదుటపడుతుంది, కంగారు పడొద్దన్నాడు.

"విప్పి మళ్ళీ కుట్టండి," అన్నాడు టైలరు.

"ఇది చొక్కా కాదండీ."

ఆరు వారాల ఉక్రోషం ఒక్కసారిగా బయటికొచ్చింది. అదే రోజు, అదే గది, అదే చెయ్యి. తోడల్లుడికి నొప్పి లేదు, వాపు లేదు, గీతైనా లేదు. మూడో రోజుకే బస్సు నడిపాడు. అతనిదేమో అంత శ్రద్ధగా చేసి, తనది మాత్రం ఏదో అయిందనిపించారు. మనిషిని చూసి పని చేస్తారా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆయనకి ఎలా చేశారో నాకూ అలాగే చెయ్యండి," అన్నాడు.

డాక్టరు అయోమయంగా చూశాడు. ఆ తేదీ కాగితాలు తెప్పించి, కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. తర్వాత తలెత్తాడు.

"మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళగానే, ఇప్పుడే వస్తానని గౌను విప్పేసి వెళ్ళిన మనిషి ఇంతవరకూ తిరిగి రాలేదు, నేను ఆయన మీద చెయ్యే వెయ్యలేదండీ."