కుదుపు ఎవరిది

"ఆపండి! ఆపండి!" అని భార్య కేక వేసేసరికే చెక్క పలక మీద పూలు చెక్కే మిషను మూల తిరిగింది. మోటారు ఒక్కసారి గుర్రుమంది. అంతదాకా తీగలా సాగిన పూల అంచు అర అంగుళం పక్కకు జరిగిపోయింది. మిషను ఏమీ ఎరగనట్టు అక్కడినుంచి మళ్లీ పూలు చెక్కుకుంటూ పోయింది.

అతను మీట నొక్కాడు.

"రెండో పలకా పోయింది," అంది ఆమె. "రేపు పొద్దున టైలరింగ్ షాపు తెరవాలి. బోర్డు లేదు. మిగిలింది ఒక్క పలక. అదీ పోయిందంటే సాయంత్రానికి మీ మిషను పాత సామాన్లవాడి బండిలో ఉంటుంది."

ఆమె అన్నదంటే చేస్తుంది. అతను ఏడాది ఆదివారాలన్నీ ధారపోసి, ఒక్కో నట్టూ బిగించి తయారు చేసుకున్న మిషను అది. కంప్యూటర్లో బొమ్మ ఇస్తే చెక్క మీద దానంతట అదే చెక్కాలి.

"నేనేం చేశాను? దీనికే ఏదో రోగం," అన్నాడు.

"రోగమున్నదాన్ని ఇంట్లో ఎందుకు?"

అతను నాలుక కరుచుకున్నాడు.

గుమ్మంలో ఇదంతా వింటున్న మామగారు లోపలికి వచ్చారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. కూతురి షాపు కోసం భార్యతో కలిసి నిన్ననే దిగారు. మిషను చుట్టూ ఒకసారి తిరిగి, టైరులో గాలి చూసినట్టు బల్లకాలును పాదంతో తన్ని చూశారు.

"ఎంత మీద పోతోంది అల్లుడూ?"

"నిమిషానికి ఐదు మీటర్లు మామయ్యా."

"ఆ వేగం ఎంతసేపట్లో అందుకోమన్నావు?"

"రెప్పపాటులో. వీడియోలో ఒకాయన ఇవే అంకెలు పెట్టాడు."

"ఆయన మిషను దేంతో చేశాడు?"

"ఉక్కుతో."

"నీది?"

"ప్లైవుడ్డు."

మామగారు ఆ ప్లైవుడ్డును వేలితో టకటకా కొట్టి చూశారు. అల్లుడి చెవులు వేడెక్కాయి.

"జానెడు పలకయ్యా ఇది," అన్నారు. "స్టాపుకీ స్టాపుకీ మధ్య పది గజాలుంటే టాప్ గేరు ఎందుకు? వేగం అందుకోకముందే మూల వస్తుంది. కదిలితే కుదుపు, ఆగితే కుదుపు. మోటారు తన నడకలో ఎక్కడో నాలుగడుగులు తప్పేస్తుంది. తప్పినట్టు దానికే తెలీదు."

భుజం మీది తువ్వాలు తీసి, మిషనులో చెక్కే మొనను మోస్తూ కదిలే బండి మీద పరిచారు. దాని మీద అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసు పెట్టారు.

"అది కరెంటు వస్తువు నాన్నా!"

"నువ్వుండమ్మా. అల్లుడూ, వేగం రెండు మీటర్లకు దించు. అందుకునే తొందర సగం చెయ్యి. పలక లేకుండా నడుపు."

నీళ్లు చిందాయి.

"తొందర ఇంకో సగం." మళ్లీ చిందాయి. "ఇంకో సగం." నీళ్లు వణికి ఊరుకున్నాయి. "ఇంకాస్త." ఈసారి నీళ్ల మీద గీత కూడా లేవలేదు.

అల్లుడు గబగబా పలక అందుకున్నాడు.

"ఆగు. ఇంకో పావువంతు తగ్గించు. ఇప్పుడు నడిచింది ఖాళీ బండి. జనం ఎక్కాక సంగతి వేరు."

మూడో పలక ఎక్కింది. గంటన్నర పాటు ఆ గదిలో ఎవరూ కూర్చోలేదు. మూల వచ్చినప్పుడల్లా అల్లుడు కళ్లు మూసుకున్నాడు. నాలుగో మూల కూడా దాటి పూల అంచు మొదలైన చోటికే వచ్చి, వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది.

భార్య అంచు మీద వేలు పోనిచ్చి చూసింది. "మరి రోగమన్నారు?"

"యంత్రానికి రోగమేమిటే పిచ్చిదానా," అన్నారు మామగారు. "దానంతట అది ఎప్పుడూ కుదపదు. కుదిపేది నడిపేవాడు. ముప్పై ఏళ్లు నడిపాను, ఇది రాసి పెట్టుకో."

"అయితే ఉండనివ్వండి మిషను," అంది కూతురు.

కిటికీ దగ్గర నిలబడ్డ అత్తగారు అప్పుడు నోరు విప్పారు.

"ఏమండీ."

"ఊఁ."

"నేను కాలేజీకి మీ బస్సులో వెళ్లే రోజుల్లో మీ సీటు వెనక నిలబడి వస్తుంటే, బస్సు ఠక్కున ఆగి మీ భుజం మీద పడ్డాను. బ్రేకు దానంతట అదే పట్టేసిందని మా నాన్న ముందు ఒట్టేశారు."

అల్లుడు కంప్యూటర్లోకి తల దూర్చేశాడు. మామగారు మెడ తుడుచుకుందామని తువ్వాలు కోసం భుజం తడుముకున్నారు. అది అక్కడ లేదు.

"ఒక్కసారేనే," అన్నారు చివరికి. "కావాలనే తొక్కాను."

"ఆ మాత్రం తొక్కడానికి అంత ఆలస్యమా?" అన్నారావిడ. "నేను మూడు స్టాపుల ముందే పట్టుకున్న కడ్డీ వదిలేశాను. మీ బండి కుదిపితేగా!"